సీడీ డెక్కులో లెన్స్ కాయిళ్లకు, మోటార్లకు ఆదేశాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పాతడెక్కు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 2002లో మా ఇంట్లో కొన్న వీసీడీ ప్లేయర్ ఒకటి ఏళ్ల తరబడి అటక మీదే ఉండిపోయింది. నేను ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. కంట్రోల్ సిస్టమ్స్ పరీక్షలో బోడె ప్లాటు (పౌనఃపున్యాన్ని బట్టి స్పందన ఎలా మారుతుందో చూపే గ్రాఫు) గీసి మార్కులు తెచ్చుకున్నాను గాని, ఆ గీతలకు ఒక నిజమైన యంత్రంలో అర్థమేమిటో ఇంతవరకు కళ్లారా చూడలేదు. అందుకే ఈ డెక్కులోని మోటార్లను, లెన్స్‌ను నా సొంత మైక్రోకంట్రోలర్‌తో నడపాలని పూనుకున్నాను.

పికప్ (లేజర్, లెన్స్ ఉండే భాగం) మీద కేఎస్‌ఎస్-213సీ అని ఉంది. లెన్స్ నాలుగు సన్నని లోహపు తీగల మీద వేలాడుతోంది, దానికి ఇరువైపులా అయస్కాంతాలు ఉన్నాయి. మల్టీమీటరుతో కొలిస్తే ఫోకస్ కాయిల్, ట్రాకింగ్ కాయిల్ రెండూ 10 ఓమ్‌ల లోపే చూపాయి. 22 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఒక పెన్‌టార్చి సెల్‌ను ఫోకస్ కాయిల్‌కు కలిపితే లెన్స్ పైకి లేచింది, వైర్లు మార్చి కలిపితే కిందికి దిగింది. ఆ తరువాత సెల్ బదులు ఒక ట్రాన్సిస్టర్ పెట్టి, మైక్రోకంట్రోలర్ పల్సులతో నడిపాను. అప్పుడు లెన్స్ పైకి మాత్రమే వెళ్తోంది, మధ్యస్థానం కంటే కిందికి రావడం లేదు.

విడదీయక ముందు ప్లేయర్‌ను ఆన్ చేసి గమనించిన విషయాలు కొన్ని ఉన్నాయి. డిస్క్ లేనప్పుడు లెన్స్ రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడి ఆగిపోయేది, స్పిండిల్ (డిస్క్‌ను తిప్పే ఇరుసు) అసలు తిరిగేది కాదు. డిస్క్ పెట్టినప్పుడు మాత్రం ఆ ఆట అయ్యాకే తిరగడం మొదలయ్యేది. పాట నడుస్తున్నంతసేపూ పికప్‌ను జరిపే మోటారు నిరంతరం తిరగకుండా, కొన్ని సెకన్లకు ఒకసారి కాస్త ఉలికిపడినట్టు కదిలేది.

ఈ మూడింటినీ కలిపే సూత్రం నాకు దొరకలేదు. సరైన కరెంటు ఎంతో ఒకసారి కనిపెట్టి లెన్స్‌ను అక్కడే నిలిపితే ఎందుకు చాలదు? ఏ మోటారు ఎప్పుడు ఎంత తిరగాలో నిర్ణయించేది ఎవరు? తెలిసిన పెద్దలు వివరంగా చెప్పగలరు.

సర్వో_పాఠకుడు

పాతడెక్కు గారూ, మంచి పని మొదలుపెట్టారు. ముందుగా ఒక జాగ్రత్త చెప్పనివ్వండి. ఈ పికప్‌లోని లేజర్ కాంతి 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలది, అంటే మన కంటికి దాదాపు కనిపించనిది. లెన్స్‌లో కనిపించే మసక ఎర్ర చుక్కను చూసి కాంతి బలహీనంగా ఉందనుకోవడం పొరపాటు. మనకు కనబడేది అందులో అతి స్వల్ప భాగమే. లేజర్‌కు విద్యుత్తు ఉన్నప్పుడు లెన్స్‌లోకి నేరుగా ఎన్నడూ చూడకండి, పక్క నుంచి గమనించండి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. స్థిరమైన కరెంటు ఎందుకు చాలదో లెక్క వేసి చూస్తే వెంటనే తెలుస్తుంది. 120 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం గల ఆ ప్లాస్టిక్ పళ్లెం పూర్తిగా చదునుగా ఉండదు. తిరిగేటప్పుడు దాని ఉపరితలం అర మిల్లీమీటరు వరకు పైకీ కిందికీ ఊగినా ప్లేయర్ ఓర్చుకోవాలి. లేజర్ బిందువు సూదిమొనలా నిలిచే లోతు మాత్రం ఒకటి రెండు మైక్రాన్లే. అంటే డిస్క్ 500 మైక్రాన్లు ఊగుతుంటే లెన్స్ దానికి 1 మైక్రాన్ తేడాలో వెంట ఉండాలి. ఊగే అంతరంలో ఐదు వందల వంతే మిగలాలన్నమాట. మీరు ఎంత జాగ్రత్తగా కరెంటును నిర్ణయించినా డిస్క్ పావు చుట్టు తిరిగేసరికి అది తప్పైపోతుంది.

కాబట్టి కరెంటును ముందే ఎవరూ నిర్ణయించరు. తిరిగి వచ్చే కాంతే దానిని క్షణక్షణం నిర్ణయిస్తుంది. డిస్క్ నుంచి ప్రతిఫలించిన కాంతి నాలుగు గదులుగా చీల్చిన ఒక ఫోటోడయోడ్ మీద పడుతుంది. దారిలో ఉన్న స్తూపాకార లెన్స్ వల్ల, ఫోకస్ సరిగా ఉంటే అది గుండ్రని చుక్కగా పడుతుంది. డిస్క్ దగ్గరైతే ఒక కర్ణం వెంట, దూరమైతే రెండో కర్ణం వెంట కోడిగుడ్డులా సాగుతుంది. ఎదురెదురు గదుల మొత్తాలను ఒకదాని నుంచి ఒకటి తీసివేస్తే ఫోకస్ ఎర్రర్ వస్తుంది. అది సున్నా అయితే లెన్స్ సరైన ఎత్తులో ఉంది. ధన విలువైతే ఒక దిక్కుకు, రుణ విలువైతే రెండో దిక్కుకు లెన్స్ కదలాలి. ఆ ఎర్రర్‌నే తగిన విధంగా పెంచి, మలచి కాయిల్‌కు పంపుతారు. ఎర్రర్ నుంచి కాయిల్‌కు, కాయిల్ కదలిక నుంచి మళ్లీ ఎర్రర్‌కు సాగే ఈ వలయమే లూప్.

మీరు చూసిన లెన్స్ ఆటకు కారణం కూడా ఇందులోనే ఉంది. ఈ ఎర్రర్ సిగ్నల్ సరైన ఎత్తుకు అటూ ఇటూ కొద్ది పదుల మైక్రాన్ల లోపలే పనికివస్తుంది. ఆ పరిధి దాటితే కాంతి పలచబడి సిగ్నల్ సున్నాకు పడిపోతుంది, కనుక లెన్స్ ఎక్కడో దూరంగా ఉన్నప్పుడు లూప్‌ను మూసివేస్తే దానికి దారి చూపేదేదీ ఉండదు. అందుచేత సర్వో ఐసీ (ఎర్రర్‌ను చూసి ఆదేశాలిచ్చే చిప్) మొదట లెన్స్‌ను కిందికి దించి మెల్లగా పైకి లేపుతుంది. సరైన ఎత్తును దాటేటప్పుడు ఎర్రర్ సిగ్నల్ పడుకోబెట్టిన ఎస్ అక్షరం ఆకారంలో ఒక వంపు తిరుగుతుంది, అదే సమయంలో నాలుగు గదుల మొత్తం వెలుతురు కూడా పెరుగుతుంది. వెలుతురు పెరిగి ఉండగా ఆ వంపు సున్నాను దాటిన క్షణంలోనే లూప్ మూసుకుంటుంది. డిస్క్ లేకపోతే ఆ వంపు రాదు. రెండు మూడు సార్లు వెతికి, దొరకకపోతే స్పిండిల్‌ను తిప్పకుండానే ప్లేయర్ ఆగిపోతుంది.

ట్రాకింగ్‌లోనూ ఇదే పద్ధతి, కొలతలు మాత్రం ఇంకా సన్ననివి. సీడీలో ట్రాకుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు. డిస్క్ మధ్య రంధ్రం 70 మైక్రాన్లు పక్కకు ఉన్నా, ఒక్క చుట్టులో ట్రాకు 140 మైక్రాన్ల మేర అటూ ఇటూ ఊగుతుంది, అంటే 80కి పైగా ట్రాకుల వెడల్పు. మీ పికప్‌లో ప్రధాన కిరణానికి ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు సహాయ కిరణాలు ట్రాకు అంచులను తడుముతుంటాయి. ఆ రెండింటి వెలుతురులో తేడాయే ట్రాకింగ్ ఎర్రర్.

ఇప్పుడు స్లెడ్ మోటారు (పికప్‌ను జరిపే మోటారు) ఉలికిపాటు. ట్రాకు సర్పిలంలా బయటికి సాగుతుంది కనుక, చుట్టు తరువాత చుట్టుకు లెన్స్ మెల్లగా పక్కకు ఒరుగుతూ పోతుంది. ఆ ఒరుగుదలకు కావలసిన కరెంటు ట్రాకింగ్ కాయిల్‌లో నిలకడగా పేరుకుంటుంది. సర్వో ఐసీ ఆ కాయిల్ సిగ్నల్‌లోంచి వేగపు ఊపులను వడకట్టి, మిగిలిన సగటును స్లెడ్ మోటారుకు ఇస్తుంది. గేర్ల రాపిడిని జయించేంతగా ఆ సగటు పెరిగే వరకు మోటారు కదలదు. పెరగగానే ఒక్కసారి కదులుతుంది, లెన్స్ మళ్లీ నడిమికి వస్తుంది, సగటు తగ్గుతుంది. పికప్ ఎటు పోవాలో నిర్ణయించేది లెన్సే, మోటారు దాని వెనుక నడుస్తుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

స్పిండిల్ సంగతి మరొకటి. సీడీలో ట్రాకు మీద వేగం సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్ల మధ్య ఏదో ఒక విలువ వద్ద స్థిరంగా ఉండాలి కనుక, లోపలి అంచున నిమిషానికి 500 చుట్లకు దగ్గరగా తిరిగే డిస్క్ బయటి అంచుకు చేరేసరికి 200 చుట్లకు దిగుతుంది. దీనికి ప్రత్యేకమైన వేగమాపకం అక్కరలేదు, డిస్క్‌లోని డేటాయే వేగాన్ని చెబుతుంది. మొదట స్పిండిల్‌కు ఒక తోపు ఇచ్చి, వచ్చే సిగ్నల్‌లో అతి పొడవైన గుంట ఎంతసేపు పట్టిందో కొలుస్తారు. అది 11 క్లాక్ కాలాలు, అంటే దాదాపు 2.5 మైక్రోసెకన్లు ఉండాలి. ఎక్కువ పడితే డిస్క్ నెమ్మదిగా ఉందని అర్థం. వేగం దగ్గరికి వచ్చాక సెకనుకు 7,350 ఫ్రేములు (డేటా తునకలు) వస్తున్నాయా అని, స్థిరమైన లయనిచ్చే క్రిస్టల్‌తో పోల్చుతారు. మీ బోర్డు మీద 16.9344 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే, దానిని 2,304తో భాగించి చూడండి. సరిగ్గా 7,350 వస్తుంది. డేటా ఒక చిన్న మెమరీలోకి చేరి, అక్కడి నుంచి క్రిస్టల్ లయకే బయటికి వెళ్తుంది కనుక, స్పిండిల్ కాస్త తడబడినా పాట శ్రుతి మారదు. గ్రామఫోన్ రికార్డుకు లేని భాగ్యం ఇది.

బెంచీ_దగ్గర

పై వివరణ చక్కగా ఉంది. లెన్స్ కిందికి రాకపోవడం గురించి నేను చెబుతాను. ఒక ట్రాన్సిస్టర్‌తో కరెంటు ఒకే దిక్కులో పారుతుంది. లెన్స్‌ను నడిమికి తెచ్చేది ఆ నాలుగు తీగల స్ప్రింగు బలం మాత్రమే, అంతకంటే కిందికి లాగే శక్తి మీ సర్క్యూట్‌లో లేదు. అసలు బోర్డులో ప్రతి కాయిల్‌కూ, ప్రతి మోటారుకూ రెండు యాంప్లిఫయర్లు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి పైకి వెళ్తుంటే రెండోది అంతే కిందికి వస్తుంది, కాయిల్ లేదా మోటారు ఆ రెండింటి మధ్య ఉంటుంది. సిగ్నల్ లేనప్పుడు రెండు అవుట్‌పుట్‌లూ సరఫరాలో సగం వోల్టేజి దగ్గర నిలుస్తాయి, కాయిల్ మీద తేడా సున్నా. ఒకే సరఫరాతో రెండు దిక్కులా కరెంటు పంపడానికి ఇది తేలికైన మార్గం. ఫిలిప్స్ వారి టీడీఏ7073ఏ ఐసీలో ఇలాంటి జతలు రెండు ఉంటాయి. జపాన్ తయారీ ఐసీలలో ఫోకస్, ట్రాకింగ్, స్లెడ్, స్పిండిల్ నాలుగింటికీ నాలుగు జతలు ఒకే చోట ఉండేవి చాలా ఉన్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక: కాయిల్ ఒక కొసను గ్రౌండ్‌కు కలపకూడదు, ఆసిలోస్కోపు ప్రోబు గ్రౌండ్ క్లిప్పును కూడా అవుట్‌పుట్‌కు తగిలించకూడదు. తగిలిస్తే సగం సరఫరా వోల్టేజి నేరుగా షార్ట్ అయి ఐసీ పోతుంది. రెండు ఛానెళ్లతో కొలిచి తేడా తీసుకోండి.

డ్రైవర్ ఐసీ (ఈ యాంప్లిఫయర్ల జతలుండే చిప్) తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. తనకు అందిన చిన్న వోల్టేజిని ఒక రెఫరెన్స్ వోల్టేజితో పోల్చి, తేడాను శక్తిమంతం చేసి పంపుతుంది, అంతే. కనుక మీ మైక్రోకంట్రోలర్ నుంచి వచ్చే సిగ్నల్‌కూ ఆ రెఫరెన్స్ వద్దే సున్నా ఉండాలి. గ్రౌండ్ నుంచి లెక్కిస్తే లెన్స్ ఒక పక్కకు అతుక్కుపోతుంది.

ఇంకొక విషయం పుస్తకాల్లో ఎక్కువగా కనబడదు గాని ముఖ్యమైనది. కాయిల్‌ను వోల్టేజితో నడపాలా, కరెంటుతో నడపాలా అన్న ప్రశ్న అది. వోల్టేజితో నడిపితే కాయిల్ వేడెక్కినప్పుడు బలం తగ్గుతుంది. రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది కనుక, 50 డిగ్రీలు వేడెక్కితే బలంలో దాదాపు ఆరో వంతు పోతుంది. అయితే కదిలే కాయిల్‌లో పుట్టే వ్యతిరేక వోల్టేజి లెన్స్ ఊపును కొంత అణుస్తుంది, అది ఉచితంగా దొరికే బ్రేకు. కరెంటుతో నడిపితే బలం నిలకడగా ఉంటుంది గాని ఆ బ్రేకు పోతుంది, స్ప్రింగు సహజ పౌనఃపున్యం వద్ద లెన్స్ మరింత ఎగురుతుంది. మీ మొదటి ప్రయోగానికి వోల్టేజి పద్ధతే మేలని నా అభిప్రాయం.

పై మిత్రులు స్లెడ్ గురించి రాసింది చదివాక ఒక చరిత్ర గుర్తుకొచ్చింది. ఫిలిప్స్ తొలి తరం ప్లేయర్లలో స్లెడ్ మోటారే లేదు. పికప్ ఒక చేతి కొసన ఉండి, ఆ చేయి మొత్తం గాల్వనోమీటరు ముల్లులా ఒకే కాయిల్‌తో డిస్క్ లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఊగేది. గేర్లు లేవు కనుక రాపిడీ లేదు, మీరు చూసిన ఉలికిపాటూ ఉండేది కాదు. 1982 అక్టోబరు 1న జపాన్‌లో విడుదలైన సోనీ సీడీపీ-101 సరళరేఖలో జరిగే స్లెడ్‌ను ఎంచుకుంది. తయారీ చవక కావడంతో చివరికి స్లెడ్‌దే పైచేయి అయింది.

గుంటూరు_సర్వీసు

నేను 1998 నుంచి పదిహేనేళ్ల పాటు ఆడియో, వీసీడీ రిపేర్లు చేశాను. థియరీ తమ్ముళ్లు బాగా చెప్పారు. అదే వరుసను మేము బల్ల మీద ఎలా వాడుకున్నామో రాస్తాను, ఎందుకంటే లోపం ఎక్కడుందో ఆ వరుసే చూపిస్తుంది.

లెన్స్ అసలు ఆడకపోతే కాయిల్, దానికి వెళ్లే ఫ్లాట్ కేబుల్, డ్రైవర్ ఐసీ సరఫరా చూడాలి. ఆ కేబుల్ మడత దగ్గర లోపల తెగి, పైకి బాగానే కనిపించడం ఎన్నోసార్లు చూశాను. లెన్స్ ఆడుతోంది గాని డిస్క్ తిరగడం లేదంటే ఫోకస్ పట్టుకోలేదని అర్థం. దుమ్ము పట్టిన లెన్స్‌తో గాని, నీరసించిన లేజర్‌తో గాని మొదలుపెట్టాలి, స్పిండిల్ మోటారును అనుమానించకూడదు. కొత్తగా పనిలో చేరిన కుర్రవాళ్లు డిస్క్ తిరగలేదు కదా అని మంచి మోటారును మార్చేవారు. డిస్క్ వెర్రిగా వేగం అందుకుంటే మోటారు ఆరోగ్యంగానే ఉంది, డేటా రాకపోవడం వల్ల దానికి ఆగమని చెప్పేవారు లేరు.

స్పిండిల్ నిజంగానే అరిగిపోయినప్పుడు ఒక గుర్తు ఉంటుంది. విషయసూచిక డిస్క్ లోపలి అంచునే ఉంటుంది, అక్కడే అత్యధిక వేగం కావాలి. బ్రష్‌లు అరిగిన మోటారు అక్కడ తడబడుతుంది కనుక డిస్క్‌ను చదవడానికే మొరాయిస్తుంది. అలాంటప్పుడు మోటారు కొసల మధ్య నిరోధం కొలుస్తూ ఇరుసును వేలితో మెల్లగా తిప్పండి. అంకె పిచ్చిగా మారుతుంటే మోటారు మార్చాలి. స్లెడ్ విషయంలో ఎండిపోయిన గ్రీజే మొదటి శత్రువు. పాట ఒకే చోట పదే పదే తిరుగుతుంటే, స్లెడ్ కదలక లెన్స్ తన హద్దు దాకా ఒరిగి వెనక్కు జారుతోందేమో చూడండి. పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని కొత్త గ్రీజు పలచగా రాస్తే చాలాసార్లు అంతటితో సరిపోయేది. లెన్స్‌ను తుడిచేటప్పుడు గట్టిగా నొక్కకండి బాబూ, ఆ నాలుగు తీగలు ఒక్కసారి వంగితే మళ్లీ సరికావు.

పాతడెక్కు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రెండు యాంప్లిఫయర్ల పద్ధతిలో కట్టాను, లెన్స్ ఇప్పుడు రెండు దిక్కులా కదులుతోంది. బోర్డులోని లేజర్ సర్క్యూట్‌ను అలాగే వాడి, డిస్క్‌ను తిప్పకుండా లెన్స్‌ను మెల్లగా పైకి లేపితే ఆసిలోస్కోపు మీద ఆ ఎస్ వంపు స్పష్టంగా కనిపించింది. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అయితే ఎర్రర్‌ను ఒక గుణకంతో పెంచి నేరుగా కాయిల్‌కు ఇచ్చి లూప్ మూసిన వెంటనే లెన్స్ కీచుమని అరుస్తోంది. గుణకం తగ్గిస్తే అరుపు ఆగుతుంది గాని ఫోకస్ నిలవడం లేదు. నేను సెకనుకు 10,000 సార్లు ఎర్రర్‌ను చదువుతున్నాను. అది తక్కువా? అలాగే కంప్యూటర్ డ్రైవుల్లో 52 రెట్ల వేగానికి కూడా ఇదే పద్ధతి పనిచేస్తుందా?

సర్వో_పాఠకుడు

ఆ కీచుదనమే మీరు చూడాలనుకున్న బోడె ప్లాటు. లెన్స్‌ను ఒక స్ప్రింగు మీది బరువుగా ఊహించుకోండి. సహజ పౌనఃపున్యం కొన్ని పదుల హెర్ట్జ్‌లే ఉంటుంది. దానికి పైన కాయిల్ కరెంటుకు లెన్స్ స్థానం దాదాపు 180 డిగ్రీలు వెనుకబడుతుంది. అక్కడ ఎర్రర్‌ను ఉత్తినే పెంచి పంపితే, సరిదిద్దవలసిన బలం తప్పు సమయంలో అంది ఊపును పెంచుతుంది. అందుకే ఎర్రర్‌తో పాటు ఎర్రర్ మారే వేగాన్ని కూడా కలపాలి, అంటే మీ పాఠంలోని ఫేజ్ లీడ్ (వెనుకబాటును పూడ్చే సర్దుబాటు). లూప్ గెయిన్ (ఎర్రర్‌ను పెంచే మొత్తం గుణకం) 1కి దిగే స్థానాన్ని 1 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టుకుని, లీడ్‌ను సుమారు 350 హెర్ట్జ్ నుంచి 3 కిలోహెర్ట్జ్ వరకు పరిస్తే దాదాపు 50 డిగ్రీల ఊరట దొరుకుతుంది.

ఇక్కడే మీ 10,000 సార్ల సంగతి అడ్డొస్తుంది. చదవడానికి, లెక్కించడానికి, పంపడానికి కలిపి ఒకటిన్నర శాంపిల్ ఆలస్యం అనుకుంటే అది 150 మైక్రోసెకన్లు, 1 కిలోహెర్ట్జ్ వద్ద 54 డిగ్రీలు. లీడ్ ఇచ్చినదంతా ఆలస్యం తినేస్తుంది. సెకనుకు 50,000 సార్లు చదివితే అదే ఆలస్యం 30 మైక్రోసెకన్లకు, 11 డిగ్రీలకు తగ్గుతుంది. అంతకంటే తక్కువకు దిగవద్దు. కాయిల్‌కు పంపే పల్సుల పౌనఃపున్యం కూడా దానికి తగినంత పైన ఉండాలి.

ఇలా చేస్తే లూప్ నిలుస్తుంది గాని, తక్కువ పౌనఃపున్యాల వద్ద గెయిన్ 140 రెట్ల దగ్గర ఆగిపోతుంది. వంకర డిస్క్‌కు 500 రెట్లు కావాలని మొదట లెక్క వేశాం కదా. కాబట్టి అడుగున, 50 హెర్ట్జ్ లోపల, ఒక ఇంటిగ్రేటర్ (ఎర్రర్‌ను కూడబెట్టేది) వంటి భాగాన్ని కలిపి గెయిన్‌ను ఇంకా లేపాలి. డిస్క్ ఊగేది సెకనుకు 8 సార్లే కనుక ఆ అదనపు గెయిన్ సరిగ్గా అవసరమైన చోటికే చేరుతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గరి నిలకడను పెద్దగా కదపదు.

52 రెట్ల వేగం విషయంలో సూత్రం అదే, బలాలు వేరు. ఆ డ్రైవు నిమిషానికి 10,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది, అంటే మీ ప్లేయర్ లోపలి అంచున తిరిగే వేగానికి 20 రెట్లు. త్వరణం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 400 రెట్లు కావాలి. అర మిల్లీమీటరు ఊగే డిస్క్ వెంట లెన్స్ పోవాలంటే గురుత్వానికి 50 రెట్లు దాటిన త్వరణం. ఏ కాయిలూ దానిని హాయిగా భరించదు, అందుకే వంకర డిస్క్ పెడితే డ్రైవు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అక్కడ వేగాన్ని ట్రాకు వెంట స్థిరంగా ఉంచే నియమం కూడా వదిలేశారు. డిస్క్ ఒకే చుట్ల లెక్కతో తిరుగుతుంది, డేటా క్లాకే దాని వెంట పోతుంది. స్పిండిల్‌గా బ్రష్‌లు లేని మూడు ఫేజుల మోటారును, స్లెడ్‌కు చాలా డ్రైవుల్లో మరలు తిరిగిన ఇరుసును తిప్పే స్టెప్పర్ మోటారును వాడతారు.

మీ తదుపరి మెట్టుగా ఇలా చేయండి. బోర్డులోని ఫోటోడయోడ్ యాంప్లిఫయర్‌ను, లేజర్ శక్తిని అదుపు చేసే భాగాన్ని అలాగే ఉంచి, సర్వో ఐసీకీ డ్రైవర్ ఐసీకీ మధ్య ఫోకస్ దారిని మాత్రమే తెంచి మీ మైక్రోకంట్రోలర్‌ను అక్కడ పెట్టండి. డిస్క్‌ను తిప్పకుండా ఫోకస్‌ను ఒక నిమిషం నిలపండి. అది నిలిచాక డిస్క్‌ను వేలితో మెల్లగా తిప్పుతూ కాయిల్ వోల్టేజిని ఆసిలోస్కోపులో చూడండి, డిస్క్ వంకర ఆకారం తెర మీద కనిపిస్తుంది. ట్రాకింగ్ జోలికి ఆ తరువాతే వెళ్దాం. ఆ చిత్రం దొరికినప్పుడు తప్పకుండా ఇక్కడ పెట్టండి.